ఫిగర్ స్కేటింగ్‌లో సీటు ఎవరిది? పిల్లలదా, దేశానిదా?

తెర మీద: ఐసు నేపథ్యం. దాని మీద 5, 8 అంకెలు.

ఒక దేశం నుంచి ఇద్దరు అమ్మాయిలు ప్రపంచ జూనియర్ ఫిగర్ స్కేటింగ్ పోటీలకు వెళ్లారనుకుందాం. ఒకరు 5వ స్థానంలో, మరొకరు 8వ స్థానంలో నిలిచారు. పతకం ఎవరికీ రాలేదు. అయినా 5, 8 కలిపితే 13 కాబట్టి వచ్చే ఏడాది ఆ దేశం ముగ్గురు అమ్మాయిలను పంపుకోవచ్చు. రెండో అమ్మాయి 9వ స్థానంలో ఆగి ఉంటే మొత్తం 14 అయ్యేది, సీట్లు రెండే దక్కేవి. ఆ పోటీకి రానేలేని మూడో అమ్మాయి అవకాశం ఆ ఒక్క స్థానం దగ్గర పోయేది.

నమస్కారం. బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం వైపు ఉండే మన తెలుగు కుటుంబాల్లో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు చాలామందే ఉన్నారు. వారి తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా పాప చక్రాల మీద బాగా చేస్తోందండి. ఐసు మీదికి మారితే దేశం తరఫున వెళ్లగలదా?" వెళ్లవచ్చు. కానీ ఎలా వెళ్తారన్నది మన దగ్గర ఎవరూ విడమరచి చెప్పడం లేదు. ఈ రోజు అదే చూద్దాం.

తెర మీద: "సీటు దేశానిది"

ఒలింపిక్స్ స్థాయి ఫిగర్ స్కేటింగ్‌ను నడిపేది అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య. చక్రాల స్కేటింగ్‌ను నడిపే సంస్థ వేరు. అందువల్ల రోలర్‌లో ఎన్ని పతకాలు వచ్చినా ఐసు లెక్కలో అవి చేరవు. అక్కడ అలవడిన సమతుల్యం, దూకే ధైర్యం మాత్రం పాపతోనే వస్తాయి.

ప్రపంచ జూనియర్ పోటీల్లో నాలుగు విభాగాలు ఉంటాయి: అబ్బాయిల సింగిల్స్, అమ్మాయిల సింగిల్స్, అబ్బాయి, అమ్మాయి జంటగా చేసే పెయిర్స్, ఐస్ డాన్స్. సమాఖ్యలో సభ్యత్వం ఉన్న ప్రతి దేశానికీ ఒక్కో విభాగంలో ఒక్క సీటు ఎప్పుడూ ఉంటుంది. రెండోది, మూడోది కావాలంటే ముందటి ఏడాది సంపాదించుకోవాలి. మూడుకు మించి ఎవరికీ లేవు.

సంపాదన లెక్క ఇది. ఒక్కరే వెళ్లిన దేశానికి ఆ ఒక్కరూ 1 లేదా 2వ స్థానం తెస్తే మూడు సీట్లు, 3 నుంచి 10 లోపు నిలిస్తే రెండు. ఇద్దరు వెళితే వారి స్థానాలు కూడాలి. ముగ్గురు వెళితే మెరుగైన ఇద్దరివే లెక్క. మొత్తం 13 దాటకపోతే మూడు సీట్లు, 28 దాటకపోతే రెండు, అదీ దాటితే మళ్లీ ఒక్కటే. అక్క తవ్విన బావిలో నీళ్లు చెల్లెలు తోడుకున్నట్టు, ఈ ఏడాది ఆడినవారి కష్టం వచ్చే ఏడాది వెళ్లేవారికి ఉపయోగపడుతుంది. సీటు తెచ్చిన అమ్మాయికే ఆ సీటు దక్కాలన్న నియమం లేదు. ఎవరిని పంపాలో ఆ దేశపు సంఘం నిర్ణయిస్తుంది. ఆ ఎంపిక దేనిని బట్టి జరుగుతుందో సీజన్ మొదలు కాకముందే రాతపూర్వకంగా ప్రకటించాలని నేను గట్టిగా కోరుకుంటాను. పదమూడేళ్ల పిల్ల ఏడాదంతా కష్టపడ్డాక నియమం చెప్పడం అన్యాయం.

వేర్వేరు చోట్ల వరుసగా జరిగే జూనియర్ పోటీలను జూనియర్ గ్రాండ్ ప్రీ అంటారు. దాని గురించి క్లుప్తంగా. సాధారణంగా సీజన్‌కు ఏడు పోటీలు. ఒక స్కేటర్ రెండింటికి మించి ఆడరు. గెలిస్తే 15 పాయింట్లు, రెండో స్థానానికి 13, మూడో స్థానానికి 11, అలా తగ్గుతూ పదో స్థానానికి 1. అన్నీ కలిపి పైనున్న ఆరుగురు ఫైనల్‌కు వెళ్తారు. ఏ దేశం ఎన్ని పోటీలకు ఎందరిని పంపవచ్చన్నది ఇక్కడ కూడా ముందటి ప్రపంచ జూనియర్ ఫలితాల మీదే ఆధారపడుతుంది.

తెర మీద: క్యాలెండర్. జూన్ 30, జూలై 1.

ఇప్పుడు వయసు. సింగిల్స్‌లో జూనియర్‌గా ఆడాలంటే ఆ సీజన్‌కు ముందు వచ్చే జూలై 1 కంటే ముందే 13 ఏళ్లు నిండాలి, 19 నిండకూడదు. జూన్ 30న పుట్టిన పాప ఈ సీజన్‌లో ఆడుతుంది. మర్నాడు పుట్టిన పాప మరో ఏడాది ఆగుతుంది. సీనియర్లకూ ఇదే తేదీ. 2022 జూన్‌లో సమాఖ్య సీనియర్ కనీస వయసును 15 నుంచి మెట్టుమెట్టుగా పెంచింది. 2024-25 సీజన్ నుంచి అది 17. జపాన్ అమ్మాయి మావో షిమాడా 2023, 2024, 2025 మూడేళ్లూ వరుసగా ప్రపంచ జూనియర్ విజేత. పుట్టింది 2008 అక్టోబర్ 30న. 2025 జూలై 1 నాటికి ఆమెకు 16 ఏళ్లే కాబట్టి 2026 మిలాన్ ఒలింపిక్స్‌కు అర్హత లేకపోయింది. అంత ప్రతిభకు తలుపు మూసుకోవడం బాధగానే ఉంటుంది. అయినా ఈ నియమం మంచిదే అంటాను. ఎదిగే ఎముకల మీద అంత భారం తొందరపడి వేయకూడదు.

తెర మీద: డబుల్ యాక్సెల్ అనే దూకుడు, నెమ్మదిగా.

ఇక అసలు గడప. సీటు ఉంది, వయసు సరిపోయింది. అయినా వెళ్లలేకపోవచ్చు. ఎందుకంటే ప్రపంచ జూనియర్ పోటీలకు కనీస సాంకేతిక స్కోరు ఉండాలి. పోటీలో రెండు ప్రదర్శనలు ఉంటాయి. చిన్నదైన షార్ట్ ప్రోగ్రామ్‌కు ఒకటి, పొడవైన ఫ్రీ స్కేట్‌కు ఒకటి. ఆ స్కోరును సమాఖ్య గుర్తించిన అంతర్జాతీయ పోటీలోనే, ఈ సీజన్‌లో గానీ ముందటి సీజన్‌లో గానీ తెచ్చుకోవాలి. దేశంలో జరిగే జాతీయ పోటీలో వచ్చిన స్కోరు పనికిరాదు. సంగీతానికి తగ్గట్టు ఎంత అందంగా చేసినా ఆ మార్కులు ఇందులో కలవవు. దూకినవి, తిరిగినవి, అడుగులు, వాటి నాణ్యత, అంతే.

జూనియర్ అమ్మాయిల షార్ట్ ప్రోగ్రామ్‌లో డబుల్ యాక్సెల్ తప్పనిసరి. ఈ దృశ్యం చూడండి. మిగతా దూకుళ్లన్నీ వెనక్కి జారుతూ మొదలవుతాయి. యాక్సెల్ ఒక్కటే ముఖం ముందుకు పెట్టి మొదలవుతుంది, దిగడం మాత్రం వెనక్కే. అందుకే రెండు కాదు, రెండున్నర చుట్లు. బ్లేడు ఐసును తాకిన క్షణం దగ్గర ఆపుతున్నాను. పాదం ఎటు తిరిగి ఉందో గమనించండి. సాంకేతిక బృందం కూడా వీడియోలో ఇక్కడే చూస్తుంది. చుట్లు నిండితే మూల విలువ 3.30. పావు చుట్టు కంటే ఎక్కువ, అర చుట్టు కంటే తక్కువ లోటు ఉంటే 80 శాతం, అంటే 2.64. అర చుట్టు లేదా అంతకు మించి తగ్గితే దాన్ని సింగిల్ యాక్సెల్‌గా లెక్కిస్తారు. విలువ 1.10. లోటు ఉన్న దూకుడుకు నాణ్యత మార్కులూ కోసుకుపోతాయి. గ్యాలరీలో కూర్చున్న అమ్మానాన్నలకు అదంతా ఒక్కలాగే కనిపిస్తుంది. పాప పడలేదు కదా అని చప్పట్లు కొడతారు. స్కోరు చూశాక ఎందుకు తగ్గిందో అర్థం కాదు.

మన దేశం సంగతి. భారత్‌లో ఈ ఆటను చూసేది ఐస్ స్కేటింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. సమాఖ్యలో మనకు సభ్యత్వం ఉంది కాబట్టి ఆ ఒక్క సీటు ఏటా మన పేరు మీద ఉంటుంది. అమెరికాలో పుట్టిన ఫిగర్ స్కేటర్ తారా ప్రసాద్ భారత్ తరఫున 2022లో ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో జరిగిన ఫోర్ కాంటినెంట్స్ సీనియర్ పోటీల్లో, అంటే ఐరోపా బయటి దేశాల పోటీల్లో, పాల్గొన్నారు. ఆమె సాధన చేసింది కూడా అమెరికాలోనే. ఇక్కడి పిల్లలకు ఆ అవకాశం లేదు. పోటీ స్థాయి రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. మాల్‌లో సరదాకు వేసిన ఐసు మీద ఫ్రీ స్కేట్ మొత్తం సాధన చేయడం కుదరదు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన పెద్ద రింకు ఏళ్ల తరబడి మూతపడి 2025లో మళ్లీ తెరుచుకుంది. గురుగ్రామ్‌లో మరో రింకు ఉంది. బెంగళూరు పాపకు రెండూ విమాన ప్రయాణాలే. పైగా కనీస స్కోరు కోసం విదేశానికి వెళ్లి ఆడాలి. ఖాళీగా ఉన్న సీటుకూ పాపకూ మధ్య ఉన్నది ఈ ఖర్చే. ప్రతిభ ఉన్న పిల్లలను రెండు అంతర్జాతీయ పోటీలకైనా సంఘమో ప్రభుత్వమో పంపాలి. ఇది నా అభిప్రాయం, మార్చుకోను.

అప్పటిదాకా ఇంట్లో చేయగలిగింది ఒకటి ఉంది. ప్రతి పోటీ తర్వాత కోచ్‌ని పతకం గురించి కాకుండా స్కోరు పత్రం అడగండి. దూకుడు పేరు పక్కన < గుర్తు ఒకటి ఉంటే చుట్టు తగ్గింది, రెండు ఉంటే బాగా తగ్గింది. పత్రంలో సాంకేతిక మొత్తం విడిగా రాసి ఉంటుంది. ఆ సీజన్‌కు సమాఖ్య ప్రకటించిన కనీస స్కోరు పక్కన దాన్ని పెట్టి చూడండి. తేడా ఎంతో, అది ఏ దూకుడు దగ్గర పోయిందో కోచ్‌తో కూర్చుని గుర్తు పెట్టుకోండి.