కిల్న్‌లో ఆరిన చెక్కకు బూజెందుకు పడుతుంది?

[స్క్రీన్ మీద: పక్కపక్కనే రెండు పలకలు. ఒకటి శుభ్రంగా ఉంది, రెండోదాని మీద నల్లటి చుక్కలు.]

నమస్కారం. "ఇది కిల్న్‌లో ఆరబెట్టిన కలపండీ, బూజు పట్టే ప్రసక్తే లేదు." కిల్న్ అంటే వేడిగాలితో కలపను ఆరబెట్టే గది. ఈ మాట అమ్మేవాళ్ళు అంటారు, కొనేవాళ్ళు నమ్ముతారు. విన్న ప్రతిసారీ నాకు చిరాకేస్తుంది. ఎందుకంటే ఇందులో సగం నిజముంది, ఆ సగమే జనాన్ని ముంచుతోంది.

నిజమైన సగం ఏంటంటే, తగినంత వేడి తగిలితే చెక్కలో అప్పటికే ఉన్న ఫంగస్ చాలావరకు చచ్చిపోతుంది. కానీ గాల్లో బూజు బీజాలు ఎప్పుడూ ఉంటాయి. పలక కిల్న్ దాటగానే కొత్తవి వచ్చి పడతాయి. మరి అవి పడ్డచోట తినడానికేముంది? అసలు విషయం అక్కడుంది. ఆరబెట్టేటప్పుడు మనమే ఆ తిండిని లోపలి నుంచి తెచ్చి పలక పైన పరుస్తున్నాం.

[స్క్రీన్ మీద: ఉప్పుమడి బొమ్మ. కింద కాలువ, పైన ఎండ.]

ఉప్పుమడి ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. సముద్రపు నీళ్ళు వస్తాయి, ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే నిలుస్తుంది. కాలువ తెరిచి ఉన్నంతసేపూ ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. పచ్చి పలక పైపొర కూడా ఇలాంటి మడే.

మాను నడిమి ముదురు చెక్కను చేవ అంటారు. దాని చుట్టూ ఉండే లేతరంగు తెల్లచెక్కను తీసుకోండి. అందులోని నీళ్ళలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, సుక్రోజ్ లాంటి చక్కెరలు, అమైనో ఆమ్లాల లాంటి నత్రజని పదార్థాలు కరిగి ఉంటాయి. పైన్ తెల్లచెక్కను కొత్తగా కోసినప్పుడు అందులో తేమ 100 శాతం దాటి ఉంటుంది. అంటే పూర్తిగా ఎండిన చెక్క బరువు కన్నా నీటి బరువే ఎక్కువ. మన మడికి ఇదే సముద్రం.

పలకకు వేడిగాలి తగలగానే పైన నీరు ఆవిరవుతుంది, ఆ ఖాళీలోకి లోపలి నీరు సన్నటి నాళాల గుండా పారుతూ వస్తుంది. వస్తూ వస్తూ చక్కెరను మోసుకొస్తుంది. ఆవిరయ్యేది నీరొక్కటే, చక్కెర ఎటూ పోలేదు. అలా పైనున్న ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలోనే పేరుకుపోతుంది. తేమ దాదాపు 30 శాతానికి దిగాక చెక్క కణాల్లో పారే నీరు అయిపోతుంది. మిగిలింది కణాల గోడలు పట్టుకున్న తేమే. అది నెమ్మదిగా ఊరుతూ బయటికి పోతుంది కానీ చక్కెరను మోయలేదు. కాలువ మూసేసినట్టే. కాబట్టి బూజు తలరాత రాసేది ఆరబెట్టడంలోని మొదటి దశ. చాలామంది ఆఖరి తేమ ఎంతో అడుగుతారు, మొదట్లో ఎంత వేగంగా ఆరబెట్టారో ఒక్కరూ అడగరు. నా దృష్టిలో ఆ రెండో ప్రశ్నకూ అంతే విలువుంది.

ఎండ ముదిరితే మడిలో ఉప్పు త్వరగా కడుతుంది. ఇక్కడా అంతే. మొదట్లోనే వేగంగా ఆరబెడితే పైన చక్కెర ఎక్కువ చేరుతుంది. నీడలో, గాలికి నెమ్మదిగా ఆరే చెక్కలో అంత చేరదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. కోసిన తర్వాత కూడా తెల్లచెక్కలో కొన్ని కణాలు కొంతకాలం బతికే ఉంటాయి. అవి శ్వాసిస్తూ, అక్కడున్న చక్కెరను ఖర్చు చేస్తాయి. కిల్న్ వేడి వాటికి ఆ వ్యవధి ఇవ్వదు. అలాగని గాలికి ఆరబెట్టడమే గొప్పని నేననను. అలా ఆరే వారాల్లోనే నీలిమచ్చ, అంటే చెక్కను నీలంగా మార్చే ఫంగస్, పట్టే ప్రమాదముంది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 1990లలో స్వీడన్ పరిశోధకులు స్కాట్స్ పైన్ పలకలను రెండేసి చొప్పున, ముఖానికి ముఖం ఆనించి ఆరబెట్టి చూశారు. ఆనుకున్న వైపు గాలి తగలదు, అటు నీరు ఆవిరవ్వదు. మడికి ఒకవైపు పైకప్పు వేసినట్టు. చక్కెర చాలావరకు గాలి తగిలిన వైపుకే చేరింది. ఒకే పలకకు ఒక ముఖం బూజుకు విందు, రెండో ముఖం దాదాపు పస్తు! ఎంత చక్కటి రుజువో చూడండి.

[స్క్రీన్ మీద: చిత్రిక పడుతున్న చేతులు, లేస్తున్న పొట్టు.]

మరి మడిలో ఉప్పును ఏం చేస్తారు? గీకి ఎత్తేస్తారు. చెక్కకు ఆ పని చిత్రిక చేస్తుంది. పైన మిల్లీమీటరో రెండో లేచిపోతే తిండిలో ఎక్కువ భాగం పొట్టుతోపాటే పోతుంది. ఒకే మాను నుంచి వచ్చిన పలకల్లో కూడా చిత్రిక పట్టినదాని కన్నా గరుకు పలకకు బూజు ముందుగా పట్టడానికి ఇదే పెద్ద కారణం. కానీ ముందు చిత్రిక పట్టి తర్వాత ఆరబెడితే లాభం లేదు. ఉప్పు కట్టకముందే మడిని గీకినట్టవుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

చేవలో చక్కెర తక్కువ, పైన్ లాంటివాటిలో నీరూ తక్కువ. అందుకే ఒకే పలకలో బూజు తెల్లచెక్క చార మీదే కనిపించి, చేవ దగ్గర ఆగిపోతుంటుంది.

కిల్న్ వేడి బాగా పెంచితే పేరుకున్న చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమరంగుకు మారతాయి. ఈ రంగు తరచుగా పైకి కనబడదు, ఒక మిల్లీమీటరు చిత్రిక పట్టగానే బయటపడుతుంది. కొందరు దాన్ని కుళ్ళనుకుని పలక పారేస్తారు, అవసరం లేదు. బూజు కూడా చక్కెరనే తింటుంది, సెల్యులోజ్ జోలికి పోదు. కాబట్టి చెక్క బలం పెద్దగా తగ్గదు. బలం తీసేది కుళ్ళు ఫంగస్, అది వేరే జాతి. అయితే బూజు కనిపించిందంటే అక్కడ తేమ ఉందని అర్థం. దాన్ని వదిలేస్తే కుళ్ళూ రావచ్చు.

వేడికి కొవ్వులు, జిగురు పదార్థాలు కూడా పైకి చేరతాయి. అప్పుడు నీటిచుక్క చెక్క మీద పాకకుండా గుండ్రంగా నిలబడుతుంది. అలాంటి పలకకు ఫెవికాల్ లాంటి గమ్ సరిగ్గా పట్టదు. దీనికీ అతికించే ముందు చిత్రిక పట్టడమే మందు.

ఇక నిల్వ. పైన ఎంత తిండి ఉన్నా తేమ లేకపోతే బూజు లేవదు. గదిలో గాలి తేమ 80 శాతం లోపు ఉంటే సాధారణంగా భయం లేదు. చక్కెర పేరుకున్న గరుకు పలకకు ఆ హద్దు ఇంకాస్త కిందికి దిగుతుంది. ప్లాస్టిక్ షీట్ చుట్టూ బిగించి కట్టకండి, లోపల చెమ్మ పట్టి నీళ్ళుగా కారుతుంది. కట్టను నేలకు ఎత్తుగా పెట్టి, పైన మాత్రం కప్పి, పక్కలు వదిలేయండి. వానకు తడిసిందా, అదే రోజు విప్పి పలకల మధ్య సన్నటి బద్దలు పెట్టి గాలి ఆడనివ్వండి. వాడేముందు మాయిశ్చర్ మీటర్‌తో కట్ట నడిమి పలకలను కూడా చూడండి, పైవి త్వరగా ఆరినా నడిమివి ఆలస్యంగా ఆరతాయి.