పనికి పిలిచి కట్టేసే చట్టం

సభకు నమస్కారం.

బరంపురంలో కూర్చుని అమెరికా వలస చట్టాల గురించి మాట్లాడటమేంటని కొందరికి అనిపించొచ్చు. కానీ ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి అక్కడ కొడుకో, కూతురో, మేనల్లుడో ఉన్నారు. వలస మనకు కొత్తా కాదు. గోపాలపురం రేవులో రంగూన్ ఓడలెక్కినవాళ్లు మన ముందుతరాల్లో ఉన్నారు. ఇక మిగిలినవాళ్లు ఇల్లు కదలకుండానే 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ పోయి ఒడిశావాళ్లయ్యారు.

ఎంతమందిని రానివ్వాలో తేల్చుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. దాంతో నాకు పేచీ లేదు. 1924లో ఆసియావాళ్లకు తలుపు మూసిన అమెరికాయే 1946లో భారతీయులకు ఏడాదికి 100 మంది చొప్పున సందిచ్చింది, 1965లో పాత జాతి కోటాలు ఎత్తేసింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్లింది ఆ మార్పు వల్లే. నా పేచీ అంతా రానిచ్చాక ఏం చేస్తున్నారన్న దానితో.

1990 చట్టం ఉద్యోగం మీద వచ్చేవాళ్లకు ఏటా సుమారు 1,40,000 గ్రీన్‌కార్డులు పెట్టింది. భార్యాపిల్లలు కూడా ఆ లెక్కలోనే. ఏ దేశానికైనా పరిమితి 7 శాతం. నూట నలభై కోట్ల మనకూ అదే, నాలుగు లక్షలు కూడా లేని ఐస్‌లాండ్‌కూ అదే. వేరేవాళ్లు వాడుకోనివి మిగిలితే మనకు కొన్ని దక్కుతాయి, అంతే. అందుకే మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. హెచ్‌-1బీ, అంటే కంపెనీ పిలిస్తే దొరికే పని వీసా, మామూలుగా ఆరేళ్లు. గ్రీన్‌కార్డు ఫైలు నడుస్తుంటే పొడిగిస్తూ పోతారు. కంపెనీ మారొచ్చు, 2000 నుంచి ఆ వీలు పెరిగింది. కానీ చాలాసార్లు గ్రీన్‌కార్డు కాగితాలు కొత్త కంపెనీ మళ్లీ మొదటినుంచి పెట్టాలి. ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు 60 రోజులు. ఈలోగా పిల్లాడికి 21 నిండితే తల్లిదండ్రుల ఫైలు నుంచి జారిపోయే ప్రమాదం. ఈ టెన్షన్‌లో ఉన్నవాడు జీతం పెంచమని గట్టిగా ఎలా అడుగుతాడు?

నష్టం మనవాడొక్కడికే అనుకోకండి. ఎదురు మాట్లాడలేని మనిషి దొరుకుతుంటే, నచ్చకపోతే లేచిపోగల స్థానికుణ్ణి తీసుకోవాలని యజమానికి ఎందుకుంటుంది? అక్కడి కార్మికుల కోపంలో న్యాయం ఉంది. 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి హెచ్‌-1బీ మీద కొత్తగా మనుషుల్ని తెచ్చుకునే కంపెనీలకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు కదా, అది ఆ కట్టు విప్పదు. అంత డబ్బు పోసినవాడు పట్టు ఇంకా బిగిస్తాడు.

కాగితాల్లేకుండా ఉన్నవాళ్ల మాటెత్తితే మనవాళ్లకు మండుతుంది. మా పిల్లలు పద్ధతిగా క్యూలో నిలబడితే వాళ్లకు క్షమాభిక్షా అంటారు. నిజమే, బాధగానే ఉంటుంది. కానీ యజమాని చేతిలో అందరికన్నా ఎక్కువ ఇరుక్కున్నది వాళ్లే. 1986లో సుమారు 27 లక్షల మందికి కాగితాలిచ్చి, ఇకపై అలాంటివాళ్లను పనిలో పెట్టుకుంటే యజమానికి శిక్ష అన్నారు. మొదటి సగం జరిగింది, రెండో సగం నీరుగారింది. తర్వాత ఆ సంఖ్య మళ్లీ పెరిగింది. 2013లో రెండూ కలిపిన బిల్లు సెనేట్‌లో 68-32తో గెలిచింది, దిగువ సభలో ఓటింగుకే రాలేదు. ఎంతమంది అనేది వాళ్లే తేల్చుకోనీ. వచ్చినవాడి పర్మిట్ మాత్రం కంపెనీ పేర కాకుండా అతని పేర ఉండాలి, క్యూ ఎప్పటికి ముగుస్తుందో అతనికి తెలియాలి. సంస్కరణలో నేను చూసే సమతూకం అదే.

ఈ మాట మనం అనాలంటే ఇంటి దగ్గరా అనాలి. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కుటుంబాలు సర్దారు దగ్గర, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ దగ్గర, అడ్వాన్సు తీసుకుని తెలంగాణ ఇటుక బట్టీలకు పోతాయి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. ఆ వీసా స్టాంపు ఇక్కడ అడ్వాన్సు రూపంలో ఉంది. అక్కడి యజమానుల్లో మన భాషవాళ్లు ఎందరో ఉన్నారని చెప్పడం నాకేం సరదా కాదు. ఇలా అడ్వాన్సు మీద బయటికి పనికి పోయేవాళ్లను దాదన్ కార్మికులంటారు. ఒడిశా 1975లోనే దాదన్ కార్మికుల చట్టం చేసింది. 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికుడి చేతిలో ఫొటో అంటించిన పాస్‌బుక్ ఉండాలని అందులో రాశారు. ఆ పాస్‌బుక్ ఎన్ని చేతుల్లో చూశారు మీరు?

అమెరికాలో మనకు ఓటు లేదు, ఇక్కడుంది. ఓట్లడగడానికి వచ్చినవాళ్లను ఈసారి బట్టీల తనిఖీ గురించి, సూరత్ మగ్గాల మీదున్న మన గంజాం కుర్రాళ్ల గురించి అడగండి. నన్నేమైనా అడగాలంటే, ఇదిగో, మైకు అటు పంపిస్తున్నాను.