9 క్యారెట్, 14 క్యారెట్ నగలు నల్లబడతాయా? రోజూ వాడి చెప్తున్న రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ మూడు నగలు ముందు పెట్టుకుని కూర్చున్నా, 9 క్యారెట్ దుద్దులు, 14 క్యారెట్ సన్న గొలుసు, పోల్చి చూడ్డానికి ఒక 22 క్యారెట్ గాజు. కెమెరాకి దగ్గరగా పెడతా చూడండి, గాజు పచ్చగా అలాగే ఉంది, గొలుసు రంగు కాస్త లేత కానీ మెరుపు బానే ఉంది, దుద్దులు మాత్రం ముందు నుంచి చూస్తే బానే ఉన్నాయి గానీ వెనక్కి తిప్పితే ఇదిగో ఈ శీల దగ్గర గోధుమ రంగు పట్టేసింది. ఇది చూడగానే ఇంట్లో పెద్దవాళ్ళు అనే మొదటి మాట ఏంటంటే "షాపువాడు మోసం చేశాడే" అని!

మోసం కాదండి. బంగారం దానంతట అది నల్లబడదు, నల్లబడేది అందులో కలిపిన రాగీ వెండీ. 22 క్యారెట్లో బంగారం 91.6 శాతం, 18లో 75, 14లో 58.5, 9లో అయితే 37.5 మాత్రమే, అంటే 9 క్యారెట్ నగలో సగం కంటే ఎక్కువ వేరే లోహాలే. మన చెమటలో ఉప్పు, గాల్లో ఉండే గంధకం, సెంటు, హెయిర్ స్ప్రే, ఇవన్నీ ఆ రాగి మీదా వెండి మీదా పనిచేసి పైన ఒక పొర కట్టేస్తాయి, అందుకే శీల దగ్గర, గొలుసు కొక్కెం దగ్గర, మెడ వెనక చెమట నిలిచే చోట ముందు కనిపిస్తుంది. విశాఖ, కాకినాడ వైపు ఉన్నవాళ్ళకి సముద్రపు గాలి కూడా తోడవుతుంది. రోజ్ గోల్డ్‌లో రాగి ఇంకా ఎక్కువ కాబట్టి అది ముదురు రంగుకి తిరుగుతుంది. వైట్ గోల్డ్ కథ వేరు, దానిమీద రోడియం అనే తెల్లటి లోహం పూత ఉంటుంది, అది అరిగితే లోపలి పసుపు ఛాయ బయటపడుతుంది, ఎంత తోమినా పోదు, మళ్ళీ పూత వేయించుకోవాల్సిందే.

ఇంకోటి, దీన్ని మన చిలకలపూడి రోల్డ్ గోల్డుతోనో ఒక గ్రాము బంగారంతోనో కలపకండి. వాటిలో పైపూత పోతే కింద లోహం కనిపిస్తుంది, కడిగితే తిరిగి రాదు. 9 క్యారెట్ అయితే లోపలిదాకా ఒకటే మిశ్రమం, పైన పట్టిన పొర తీసేస్తే మళ్ళీ అదే రంగు వస్తుంది.

సరే, ఎలా తీయాలి? గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, కాసేపు నానబెట్టి చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళలో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి, తడితో మాత్రం డబ్బాలో పెట్టొద్దు. మా అమ్మ అయితే కుంకుడురసమే వాడుతుంది, అది కూడా బానే పనిచేస్తుంది. పసుపు, కుంకుమ, నూనె జిడ్డు అంతా దీనికే పోతుంది, కొంచెం మొండిగా ఉన్న నల్లదనానికి నగల పాలిష్ గుడ్డ తెచ్చుకోండి. ముత్యాలు, పగడాలు, పచ్చలు ఉన్నవి మాత్రం నానబెట్టకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. టూత్‌పేస్ట్ వద్దండి బాబూ, గీతలు పడతాయి. బ్లీచింగ్ అయితే అస్సలు వద్దు, క్లోరిన్ ఈ మిశ్రమం మీద గట్టిగా పనిచేస్తుంది, రాయిని పట్టుకునే గోళ్ళు బలహీనపడి పగిలే ప్రమాదం కూడా ఉంది, అందుకే స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళేటప్పుడు, బాత్రూమ్ కడిగేటప్పుడు తీసేయండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది మరీ చెప్తున్నా, అక్కడ 14 క్యారెట్టే ఎక్కువ దొరుకుతుంది కదా, వేసుకునే హాట్ టబ్‌లో దిగిపోతారు.

వీధిలో "మెరుగు పెడతాం అమ్మా" అని వచ్చేవాళ్ళకి ఏ క్యారెట్ అయినా ఇవ్వకండి, యాసిడ్‌లో ముంచితే నగ తళతళలాడుతుంది నిజమే, కానీ మీ బంగారం కొంత ఆ గిన్నెలోనే కరిగి ఉండిపోతుంది.

దాచేటప్పుడు దేనికదే చిన్న జిప్ కవర్లో పెట్టండి. చాలామంది పొట్లానికి రబ్బర్ బ్యాండ్ చుడతారు, ఆ రబ్బర్‌లోనూ గంధకం ఉంటుంది, మనమే నల్లబరిచే సామాను లోపల పెట్టి మూత వేస్తున్నామన్నమాట.

ఇక కొనాలా వద్దా. 2025 ఏప్రిల్లో 10 గ్రాములు లక్ష దాటాక అందరి చూపూ తక్కువ క్యారెట్ మీదకి వెళ్ళింది, అదే ఏడాది జులైలో 9 క్యారెట్‌నీ హాల్‌మార్కింగ్‌లోకి తెచ్చారు. నా లెక్క చెప్తా, దుద్దులకి, ముక్కుపుడకకి, ఆఫీసుకి వేసుకునే ఉంగరానికి 9 ఓకే, గట్టిగా ఉంటుంది, త్వరగా వంగదు. రోజూ మెడలో ఉండే గొలుసుకి కనీసం 14. పుస్తెలతాడుకి మాత్రం 9 వద్దనే అంటా, ఎందుకంటే అది స్నానంలో, చెమటలో, వంటింట్లో ఎక్కడా తీయరు, నెలనెలా తోముకునే ఓపిక ఎవరికుంది చెప్పండి, 22కే వెళ్ళండి. నికెల్ పడనివాళ్ళు వైట్ గోల్డ్ కొనేముందు అందులో ఏం కలిపారో అడగండి.

కొనేటప్పుడు బీఐఎస్ (హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, 9కే375 లేదా 14కే585 అన్న ముద్ర, ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాల, అంకెల కోడ్ హెచ్‌యూఐడీ మూడూ చూసి, ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. 2 గ్రాముల లోపు నగకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, చిన్న దుద్దుల మీద కనిపించకపోవచ్చు, అలాంటప్పుడు బిల్లులో క్యారెట్ రాయించుకోండి. మార్చుకునే రోజున 10 గ్రాముల 9 క్యారెట్ గొలుసుకి 3.75 గ్రాముల బంగారం లెక్కే కడతారు, తరుగు, మజూరీ కింద కట్టింది వెనక్కి రాదు, కాబట్టి బేరం ఆడేది ఏదో ఆ మజూరీ దగ్గరే ఆడండి.