సీటు సరే, పట్టా మాటేమిటి? కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ నిబంధనల రివ్యూ

నమస్కారం అండీ. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర నిలబడి తలెత్తి చూస్తే అన్నీ కన్సల్టెన్సీల బోర్డులే. గుంటూరు బ్రాడీపేటలో ఏ లైనులోకి వెళ్లినా అదే వరస. సీటు ఇప్పిస్తాం, వీసా ఇప్పిస్తాం, బ్యాంకు లోను ఇప్పిస్తాం. ఆ సీటులో కూర్చున్నాక పట్టా ఎలా వస్తుందో చెప్పే బోర్డు మాత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు. అందుకని ఈరోజు ర్యాంకుల గోల పక్కన పెట్టి, చేరిన విద్యార్థికి పట్టా ఇవ్వడానికి విశ్వవిద్యాలయాలు పెట్టే షరతులను రివ్యూ చేద్దాం. మూడు దారులు తీసుకున్నాను: మన ఊళ్లో ఎం.టెక్., అమెరికా వెళ్లి ఎం.ఎస్., ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్ ఎం.ఎస్.

ముందు ఎం.టెక్. చేరడానికి గేట్ లేదా ఏపీ పీజీఈసెట్ రాయాలి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌లో అర్హత సాధించి, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కళాశాలలో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రవేశం గురించి ఇంతకంటే చెప్పను.

అసలు సంగతి క్రెడిట్లు, అంటే ఒక్కో కోర్సుకు ఇచ్చే బరువు లెక్క. ఏఐసీటీఈ నమూనా ప్రణాళికలో ఎం.టెక్.కు మొత్తం 68 క్రెడిట్లు. మొదటి రెండు సెమిస్టర్లకు పద్దెనిమిదేసి, తర్వాతి రెండింటికి పదహారేసి. గణిత పునాదులు, డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు, ఎలక్టివ్‌లు, పరిశోధన పద్ధతులు అన్నీ మొదటి ఏడాదిలోనే దాదాపు అయిపోతాయి. రెండో ఏడాది డిసర్టేషన్‌ది, అంటే సొంతంగా పరిశోధన చేసి థీసిస్ రాయడం. మొదటి దశకు 10, రెండో దశకు 16 క్రెడిట్లు. అంటే మొత్తం పట్టాలో మూడో వంతుకు పైగా మీరు సొంతంగా చేయాల్సిన ఆ ఒక్క పని మీదే ఉంది. కాగితం మీద చూస్తే ఇది చాలా మంచి ఏర్పాటు. ఒక సమస్య పట్టుకుని ఏడాది పాటు దానితోనే గడిపే అవకాశం ఉద్యోగంలో చేరాక ఎవరిస్తారు?

కానీ మన దగ్గర ఏం జరుగుతుందో మీకూ తెలుసు. ప్రాజెక్టు సెంటరుకు వెళ్తే పేర్ల జాబితా ముందు పెడతారు. ఒకటి ఎంచుకుంటే కోడు, రిపోర్టు, పవర్‌పాయింట్ కలిపి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తారు. వైవాలో ఏ ప్రశ్నలు అడుగుతారో కూడా వాళ్లే రాసిస్తారు! 26 క్రెడిట్ల చదువు అలా పెన్‌డ్రైవ్‌లో ముగిసిపోతుంది. ఇందులో నీతి సంగతి అలా ఉంచండి, ప్రమాదం కూడా ఉంది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపు ఉంటే సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 మధ్య అయితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఒకే రిపోర్టును పదిమందికి అమ్మే చోట కొన్నవారు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి.

ఎం.సి.ఏ. గురించి అడుగుతున్నవారికి ఒక్క మాట. అది ఇప్పుడు రెండేళ్ల కోర్సే, ఐసెట్ ద్వారా చేరవచ్చు. బి.ఎస్‌సి. చదివినవారికి ఇదే దగ్గరి దారి.

ఇక అమెరికా. చాలా విశ్వవిద్యాలయాల్లో ఎం.ఎస్.కు 30 క్రెడిట్లు, అంటే మూడు క్రెడిట్ల కోర్సులు పది. స్టాన్‌ఫర్డ్ 45 యూనిట్లు అంటుంది. అక్కడ చదువు ఎక్కువని కంగారు పడకండి, వాళ్లది సెమిస్టరు కాదు, అంతకంటే చిన్నదైన క్వార్టరు పద్ధతి, అందుకే అంకె పెద్దగా కనిపిస్తుంది. ఇలినాయ్ అర్బానా-షాంపేన్‌లో ఎం.సి.ఎస్. (మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ సైన్స్) అనే పట్టాకు 32 గంటలు (క్రెడిట్లనే అక్కడ అలా అంటారు), థీసిస్ ఉండదు. అంకెల తేడా పెద్ద విషయం కాదు.

పెద్ద విషయం జీపీఏ, అంటే అన్ని కోర్సుల గ్రేడుల సగటు. నాలుగుకు మూడు, అంటే సగటున బి గ్రేడు నిలుపుకోవాలి. మనకు పాసైతే చాలు, పోతే సప్లిమెంటరీ ఉందనే అలవాటు. అక్కడ ఆ ధైర్యం పనికిరాదు. ఒక కోర్సులో సి వచ్చిందంటే రెండు పాయింట్లే. దాన్ని సరిచేయాలంటే ఇంకో కోర్సులో ఖచ్చితంగా ఏ తెచ్చుకోవాలి. సగటు మూడు కిందికి పడితే ముందు హెచ్చరిక, అప్పటికీ కోలుకోకపోతే ఇంటికే. ఒక కోర్సు తప్పితే పరీక్ష ఒక్కటే రాస్తామంటే కుదరదు, కోర్సు మొత్తం మళ్లీ తీసుకోవాలి. ఫీజు కూడా మళ్లీ కట్టాలి. డాలర్లలో!

మెకానికల్, సివిల్ చదివి కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లేవారు ఇక్కడ కాస్త ఆగి వినండి. మీ ఆఫర్ లెటర్ చివర షరతులతో ప్రవేశం అని ఒక పేరా ఉండవచ్చు. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ లాంటి పునాది కోర్సులు ముందు చేయాలంటారు. వీటిని లెవలింగ్ కోర్సులు అంటారు. ఇవి సాధారణంగా ఆ 30 క్రెడిట్లలో కలవవు. నాలుగు పడ్డాయనుకోండి, 30 కాస్తా 42 అవుతుంది. మీ నాన్నగారు లోను లెక్క వేసింది మాత్రం 30కే. అదనంగా ఒక సెమిస్టరు ఫీజు, అద్దె, తిండి ఖర్చు ఆ లెక్కలో ఎక్కడా ఉండదు. ఆ పేరాను తెలుగులో విడమరిచి చెప్పమని కన్సల్టెన్సీ వాళ్లను అడగండి, పక్కన మీ నాన్నగారిని కూర్చోబెట్టుకుని మరీ అడగండి.

ఇంకొకటి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు ప్రతి సెమిస్టరూ పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉండాలి. ఆ లెక్కలోకి సెమిస్టరుకు ఒక్క ఆన్‌లైన్ కోర్సుకు మించి రాదు. హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అన్నీ అయిందనిపిస్తామంటే వీసాకే ముప్పు.

మూడోది, నాకు బాగా నచ్చినది, జార్జియా టెక్ ఆన్‌లైన్ ఎం.ఎస్. 2014లో మొదలైంది. పది కోర్సులు, 30 క్రెడిట్లు, థీసిస్ అక్కర్లేదు. ఫీజు క్యాంపస్‌తో పోలిస్తే చాలా తక్కువ. పట్టా మీద ఆన్‌లైన్ అనే మాట ఉండదు. ఉద్యోగం చేసుకుంటూ సెమిస్టరుకు ఒక కోర్సు చొప్పున చదవవచ్చు, ఆరేళ్ల గడువు ఉంది. చేరడం మరీ కష్టం కాదు, నిలబడటమే కష్టం. మొదటి ఏడాదిలోపు రెండు ఫౌండేషన్ కోర్సుల్లో బి లేదా అంతకంటే మంచి గ్రేడు తెచ్చుకోవాలి. మధ్యలో వదిలేసేవారు తక్కువేమీ కాదు. పరీక్షలు వెబ్‌క్యామ్ నిఘాలో రాయాలి కాబట్టి ఇంట్లో ఇన్వర్టర్ ఉండాలి. మే నెలలో గుంటూరులో కరెంటును నమ్ముకుని పరీక్షకు కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. ఇది చదివితే అమెరికా వీసా రాదు, అది మాత్రం ముందే తెలుసుకోండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగం ఉండి, గణితం అంటే భయం లేనివారికి ఆన్‌లైన్ ఎం.ఎస్. పిహెచ్.డి. ఆలోచన ఉంటే అమెరికాలో అయినా ఇక్కడ అయినా థీసిస్ ఉన్న దారే తీసుకోండి, ఫలానా ప్రొఫెసర్ దగ్గర చోటు ఉందో లేదో చేరకముందే ఉత్తరం రాసి కనుక్కోండి. ఎం.టెక్.లో చేరితే డిసర్టేషన్ మీరే చేయండి. అది చేయనివారికి ఆ రెండేళ్లు దండగ అనే అంటాను, ఎవరైనా నొచ్చుకున్నా సరే.

ఇప్పటికే ఆఫర్ లెటర్ చేతికి వచ్చినవారు పట్టా పేరు ఏమని ఉందో, లెవలింగ్ కోర్సులు ఎన్ని వేశారో కామెంట్లో రాయండి. విశ్వవిద్యాలయం పేరు అక్కర్లేదు. వచ్చే వీడియోలో వాటిలో కొన్నింటికి మొత్తం ఖర్చు లెక్క కట్టి చూపిస్తాను.