పలావు దేశంలో గాలం వేసే ముందు ఎవర్ని అడగాలి?

"ఉద్యోగం మానేసి ఏదో పసిఫిక్ దీవికి పోతా, గుడిసె వేసుకుని చేపలు పట్టుకుని బతికేస్తా." రీల్స్ కింద ఈ మాట కనిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎండ, దోమలు, ఒంటరితనం గురించి అందరూ చెప్తూనే ఉన్నారు, నేను వాటి జోలికి పోను. నా గొడవంతా ఆ "చేపలు పట్టుకుని" అన్న ముక్కతోనే. ఎవరి చేపలు బాబూ?

(తెర మీద మ్యాప్: ఫిలిప్పీన్స్‌కు తూర్పున పలావు)

ఇది పలావు అనే దీవుల దేశం. జనాభా సుమారు 18 వేలు. చుట్టూ పగడపు దిబ్బలు, లోపల లోతు తక్కువ నీళ్ళు. మనలాంటి బయటివాడికి అదంతా ఖాళీ సముద్రంలా కనిపిస్తుంది. కానీ ఖాళీ కాదు. ఏ దిబ్బ ఏ ఊరిదో తరతరాలుగా తేలిపోయి ఉంది. పక్క ఊరివాడైనా అడిగే వేటకు రావాలి.

దీన్ని మన పల్లెలో చెరువుతో పోల్చి చెప్తాను. చెరువు ఊరందరిదీ. అలాగని ఎవరికి తోచినప్పుడు వాళ్ళు తూము ఎత్తరు. ఎవరి వంతు ఎప్పుడో నీరటి చెప్తాడు. ఇప్పుడు పట్నం నుంచి ఒకాయన వచ్చి రెండెకరాలు కౌలుకు తీసుకుని, "నీళ్ళు ఎదురుగా కనిపిస్తున్నాయిగా" అని రాత్రిపూట తూము ఎత్తాడనుకోండి. ఊరివాళ్ళకు పోయిన నీళ్ళకంటే వంతు తప్పినందుకే ఎక్కువ కోపం వస్తుంది. పలావులో అడక్కుండా గాలం వేసే విదేశీయుడు ఆ కౌలుదారే. దొంగ అని నేననను. వంతు అనేది ఒకటుందని తెలియనివాడు, అంతే.

ఈ చెరువును ఇంకొంచెం సాగదీస్తాను, ఏమీ అనుకోకండి. వానలు సరిగా పడని ఏడు నీరటి వంతులు కుదిస్తాడు, కొన్నాళ్ళు తూము మూసేస్తాడు కూడా. పలావు ఊరి పెద్దలు కూడా అలాగే కొన్ని చోట్ల, కొన్ని నెలలు వేట ఆపేస్తారు. దీన్ని అక్కడ 'బుల్' అంటారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మీకు తెలిసిందే. అది పైనుంచి వచ్చే ఉత్తర్వు. బుల్ ఊరి పెద్దలే పెట్టుకునేది, తప్పినవాడెవరో ఊరందరికీ తెలిసిపోతుంది.

మరి ఎప్పుడు మూయాలో పెద్దలకు ఎలా తెలుసు? నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. 1970లలో రాబర్ట్ జోహానెస్ అనే మెరైన్ బయాలజిస్ట్ పలావు వెళ్ళాడు. సైన్స్ చదివినవాడు, అక్కడివాళ్ళకు పాఠాలు చెప్పొచ్చు. ఆయన మాత్రం న్గిరక్లాంగ్ అనే వృద్ధ జాలరి దగ్గర శిష్యుడిలా కూర్చున్నాడు. ఏ చేప ఏ నెలలో, చంద్రుడు ఏ దశలో ఉండగా గుడ్లు పెడుతుందో ఆ పెద్దాయన వరసగా చెప్పుకుంటూ పోయాడు. చంద్రుణ్ణి బట్టి గుడ్లు పెడతాయని అప్పటికి ప్రపంచం మొత్తం మీద శాస్త్రవేత్తలు రాసిపెట్టిన చేపలకు రెండింతల పైగా ఆయన ఒక్కడికే తెలుసు!

ఇందులో చంద్రుడి సంగతేంటంటే, అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ, నీళ్ళు వెనక్కి తీసే జోరూ ఎక్కువ. ఆ జోరులో వదిలిన గుడ్లు దిబ్బ మీద కాచుకున్న నోళ్ళకు చిక్కకుండా బయటి సముద్రంలోకి కొట్టుకుపోతాయి. అందుకే అమావాస్య దగ్గర పడుతుంటే గ్రూపర్ చేపలు ఏటా దిబ్బల మధ్య అవే సందుల్లో గుంపు కడతాయి. అప్పుడు చేతగానివాడు కూడా పడవ నింపుకోగలడు. నింపితే వచ్చే ఏడాదికి గుంపే ఉండదు. 1994లో ఉత్తరాన ఉన్న న్గర్చెలాంగ్, కయాంగెల్ పెద్దలు అలాంటి 8 సందుల్లో ఏప్రిల్ నుంచి జులై దాకా బుల్ పెట్టారు. అదే ఏడాది దేశం కూడా గ్రూపర్ల వేటను ఆ నెలల్లో ఆపుతూ చట్టం చేసింది. ఊరి మాట చట్టంలోకి ఎక్కడం నాకు భలే నచ్చింది.

అయితే చెరువు పోలిక ఒక చోట తెగిపోతుంది. చెరువు నీళ్ళు గట్టు దాటవు, చేపలు దాటుతాయి, దాటాక కట్టుబాటు పట్టని బయటివాడి వలలో పడొచ్చు. జపాన్ పాలనలో వచ్చిపడ్డ బయటి జాలర్లకు ఊరి కట్టుబాట్లతో పనే లేదు. 1930ల చివరికల్లా కొరోర్ పట్నంలో పలావువాళ్ళకంటే జపానువాళ్ళే ఎక్కువ. విదేశీయుడు అంటే అక్కడివాళ్ళు ఎందుకు ఆచితూచి మాట్లాడతారో ఇప్పుడు అర్థమైందా?

అయ్యో, టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా సముద్ర సంపద ఆయా రాష్ట్రాలదేనని పలావు రాజ్యాంగమే చెప్తుంది. ఆ బుల్లి దేశంలో రాష్ట్రాలు 16. కాబట్టి చేపల వేట పర్మిట్ ఏ రాష్ట్రానిదో చూసుకోండి. 2017 డిసెంబర్ నుంచి దేశంలో దిగగానే పాస్‌పోర్ట్‌లో ఒక ప్రమాణం ముద్ర వేస్తారు, వాళ్ళ ప్రకృతిని కాపాడతానని అక్కడి పిల్లలకు మాటిస్తూ మీరు సంతకం పెట్టాలి. 2020 నుంచి దేశ జలాల్లో 80 శాతం రక్షిత ప్రాంతం.

ఇంకోటి, సిగ్వాటెరా, అంటే కొన్ని చేపలు తింటే ఎక్కే విషం. ఇది ఒక్క పలావు సంగతి కాదు, ఉష్ణమండల పగడపు దిబ్బలన్నిటికీ వర్తిస్తుంది. దిబ్బల మీది సూక్ష్మజీవుల విషం చిన్న చేపల నుంచి పెద్ద చేపల్లోకి చేరుతుంది. ఎంత ఉడకబెట్టినా పోదు, రుచిలోనూ తెలియదు. బ్యారకూడా, మోరే ఈల్ లాంటివి చేతికొస్తే వండే ముందు ఊళ్ళో అడగండి. సరే, దూరాన ఉన్న టోబీ దీవి సంగతి వచ్చే వీడియోలో.