ఫిరంగి మీద పడిన ఎండ: ఫెర్నాన్ లెజే తొలి ఏళ్ళు

[దృశ్యం: చెన్నై హైకోర్టు ప్రహరీ, గోడ వద్ద ఉన్న ఫలకం]

నమస్కారం. ప్యారీస్ కార్నర్‌లో బస్సు దిగి, పారిస్‌లో బతికిన ఒక చిత్రకారుడి గురించి చెప్పడానికి, 1914 నాటి ఎమ్డెన్ దాడిని గుర్తుచేసే ఈ ఫలకం ముందు నిలబడ్డాను. పేర్ల పోలిక కాకతాళీయమే గాని, ఈ చోటును ఎంచుకోవడం మాత్రం కాదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవుకు చేరువగా వచ్చి, దాదాపు 130 గుండ్లు పేల్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులను తగలబెట్టి వెళ్ళిపోయింది. గడుసువాణ్ణి ఈ ఊళ్ళో తమిళులు 'ఎమ్డన్' అంటారు, ఇక్కడి తెలుగువాళ్ళకూ ఆ మాట కొత్త కాదు. మద్రాసును ఒక్క రాత్రి తాకి వెళ్ళిన ఆ మొదటి ప్రపంచ యుద్ధమే, అంతకు నెల ముందు, ఫ్రాన్సులో ముప్ఫై మూడేళ్ళ ఫెర్నాన్ లెజేను సైన్యంలోకి పిలిచి, దాదాపు మూడేళ్ళపాటు వదలకుండా పట్టుకుంది.

[దృశ్యం: నార్మండీ పచ్చికబయళ్ళు, పాత పారిస్ వీధులు]

లెజే 1881లో నార్మండీలోని అర్జాంతాన్‌లో, పశువులను పెంచే కుటుంబంలో పుట్టాడు. కాన్ పట్టణంలో ఒక వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకుని, 1900లో పారిస్ చేరి, భవనాల నక్షాలు గీస్తూ పొట్టపోసుకున్నాడు. ప్రభుత్వ చిత్రకళా పాఠశాల అతనికి ప్రవేశం ఇవ్వలేదు. విద్యార్థిగా నమోదు కాకుండానే అక్కడి తరగతులకు వెళ్ళాడు గాని, ఆ ఏళ్ళు వృథా అయ్యాయని తరువాత తానే చెప్పుకున్నాడు. అసలు చదువు 1907లో చిత్రకారుడు సెజాన్ స్మారక ప్రదర్శన చూసినప్పుడు మొదలైంది. అప్పటిదాకా, వెలుగు ఆడే తీరును రంగులతో పట్టే ఇంప్రెషనిస్టుల బాటలో నడిచిన కుంచెకు, రంగు కింద ఒక గట్టి ఆకారం ఉండాలన్న పట్టుదల అక్కడే కలిగింది.

[దృశ్యం: 'అడవిలో నగ్నమూర్తులు' చిత్రం, నెమ్మదిగా దగ్గరగా]

1911లో ప్రదర్శించిన ఈ చిత్రంలో చెట్లూ మనుషులూ ఒకే గనిలోంచి తవ్వి తీసినట్టు, స్థూపాకారాలుగా, శంకువులుగా కనిపిస్తారు. పికాసో, బ్రాక్ అనే క్యూబిస్టు చిత్రకారులు వస్తువును పలకలుగా విరిచి పరుస్తుంటే ఇతడు గొట్టాలుగా మలిచాడు. అందుకే వోసెల్ అనే విమర్శకుడు 'క్యూబిజం' మాటను మెలిపెట్టి, గొట్టం అనే అర్థం వచ్చేలా దీనికి 'ట్యూబిజం' అని ఎగతాళి పేరు పెట్టాడు. 1913లో కాన్‌వైలర్ అనే కళావర్తకుడితో ఒప్పందం కుదిరింది. ఆ ఏడాది మొదలైన 'ఆకారాల వైరుధ్యం' చిత్రమాలలో చెట్టూ లేదు, మనిషీ లేదు. ఎరుపు, నీలం, తెలుపు పూసిన గొట్టాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి. యుద్ధంలో యంత్రాలను చూసి లెజే యంత్రాల చిత్రకారుడయ్యాడని చాలామంది చెబుతారు. ఆ మాట నాకు సగమే ఒప్పుగా తోస్తుంది, ఎందుకంటే యుద్ధానికి ముందే అతని క్యాన్వాస్ నిండా గొట్టాలున్నాయి. అందులో లేనిది మనిషి.

[దృశ్యం: ఆర్గాన్ అడవి, కందకాల ఛాయాచిత్రాలు]

ఈశాన్య ఫ్రాన్సులోని ఆర్గాన్ అడవి కందకాలలో అతను ఇంజనీరింగ్ దళంలో పనిచేశాడు, తరువాత గాయపడినవాళ్ళను మోశాడు, 1916లో వెర్దన్ యుద్ధరంగం చూశాడు. చుట్టూ ఉన్నది గనికార్మికులు, పల్లెటూరి రైతులు, కమ్మరులు. వాళ్ళ మొరటు యాసనూ, పనిముట్ల మీద వాళ్ళకున్న పట్టునూ గమనించాక, తన నైరూప్య చిత్రాలు తనకే దూరమయ్యాయని లెజే చెప్పుకున్నాడు. చేతికందిన చిన్న కాగితాల మీద ఆ మనుషులను, కూలిన ఇళ్ళను గీశాడు.

[దృశ్యం: 75 మిల్లీమీటర్ల ఫ్రెంచి ఫిరంగి, వెనుక భాగం దగ్గరగా]

ఫ్రెంచి సైన్యం 1897లో రూపొందించిన ఈ ఫిరంగి పేలిన ప్రతిసారీ గొట్టం మాత్రమే వెనక్కి జారి మళ్ళీ ముందుకు వస్తుంది, బండి కదలదు; అందుకే మళ్ళీ గురి చూసుకునే పని లేకుండా నిమిషానికి 15 గుండ్ల దాకా పేల్చగలిగేవారు. గుండు పెట్టి మూసే వెనుక భాగంలో గుండ్రని లోహపు దిమ్మె ఉంటుంది. తెరిచి ఉన్న ఆ భాగం మీద ఎండ పడి తెల్లగా మెరిసినప్పుడు కళ్ళు చెదిరిపోయాయని, ప్రపంచంలోని మ్యూజియాలన్నీ నేర్పలేనిది ఆ మెరుపు నేర్పిందని అతను అన్నాడు. మనుషులను ముక్కలు చేసే వస్తువులో అందం చూడటం నాకు నేటికీ మింగుడుపడదు. అయినా ఆ ముక్కలైనవాళ్ళను భుజాన మోసినవాడే ఆ మాట అంటున్నాడని గుర్తుంచుకోవాలి.

[దృశ్యం: 'పేకాట', 1917]

1917లో ఆస్పత్రిపాలై కోలుకుంటున్న రోజుల్లో ఈ పెద్ద చిత్రం వేశాడు. బల్ల చుట్టూ పేకాడుతున్న సైనికుల చేతులు, వేళ్ళు, మొండేలు ఉక్కు భాగాలు బిగించినట్టున్నాయి; పొగ పీల్చే పైపులూ పతకాలూ తప్ప వీళ్ళను మనుషులని పోల్చుకునే గుర్తులు తక్కువ. తన కాలం నుంచి బుద్ధిపూర్వకంగా విషయం తీసుకుని వేసిన మొదటి చిత్రం ఇదేనని లెజే అన్నాడు. మనిషి క్యాన్వాస్ మీదికి తిరిగి వచ్చాడు, కాని లోహమై వచ్చాడు. ఇది తోటివాళ్ళ మీద గౌరవమో, వాళ్ళకు పట్టిన గతిమీద భయమో నేను తేల్చుకోలేదు; ఒక్కో రోజు ఒక్కోలా కనిపిస్తుంది.

యుద్ధం అతని బతుకుతెరువునూ మార్చింది. జర్మన్ పౌరుడైన కాన్‌వైలర్ స్విట్జర్లాండులో ఉండిపోగా, అతని దగ్గరున్న చిత్రాలను ఫ్రెంచి ప్రభుత్వం శత్రువు ఆస్తిగా జప్తు చేసింది. లెయోన్స్ రోజెన్‌బర్గ్ అనే మరో వర్తకుడు లెజేను చేరదీసి, 1919 ఫిబ్రవరిలో తన గ్యాలరీలో ప్రదర్శన పెట్టాడు.

[దృశ్యం: 'నగరం', 1919, కెమెరా మధ్యలోని మెట్ల మీద ఆగుతుంది]

దాదాపు మూడు మీటర్ల వెడల్పున్న ఈ చిత్రం అదే ఏడాదిది. ప్రకటనల అక్షరాలు, ఇనుప కట్టడాలు, చదునైన గట్టి రంగులు ఒకదాని మీదొకటి ఒరుసుకుంటాయి. వాటి నడుమ, మెట్ల మీద, ముఖాలు లేని ఇద్దరు బూడిదరంగు మనుషులు ఉన్నారు. వాళ్ళ ఒళ్ళు ఇంకా గొట్టాలే.