కొత్త కొలువుకు ఎప్పుడు కదలాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

1985లో కరకంబాడిలో అమరరాజా సంస్థ మొదలైన నాటితో పోలిస్తే తిరుపతి చుట్టుపక్కల ఉద్యోగాల తీరు ఎంతో మారింది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కర్మాగారాలు వచ్చాయి, సత్యవేడు వైపు శ్రీసిటీ వెలసింది. అందువల్ల ఉన్న ఉద్యోగం వదిలి కొత్తదానికి వెళ్లాలా, వెళితే ఎప్పుడు వెళ్లాలి అనే ప్రశ్న మన ఇళ్లలో తరచుగా వినిపిస్తోంది.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. డిప్లొమా పూర్తికాగానే రేణిగుంట దగ్గర ఒక కర్మాగారంలో నాణ్యతా తనిఖీ విభాగంలో చేరాడు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, శ్రీసిటీలో ఒక సంస్థ నెలకు ఆరు వేలు ఎక్కువ ఇస్తానన్నదనీ, మర్నాడే రాజీనామా ఇచ్చేస్తాననీ అన్నాడు. ఆ మాటల్లో కొత్త పని మీది ఇష్టం కంటే సూపర్‌వైజర్ మీది కోపమే ఎక్కువగా వినిపించింది; పండుగ పూట కూడా రాత్రి షిఫ్టు వేశాడట. మా అక్కేమో, "చేతిలో ఉన్నది వదులుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు, నువ్వైనా చెప్పు తమ్ముడూ" అని నా మీద భారం పెట్టింది.

నేను ఒక్క మాటే అడిగాను: "రేపు ఆ సూపర్‌వైజర్ బదిలీ అయిపోతే, నువ్వు ఇక్కడే ఉంటావా, అయినా వెళతావా?" వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజుల తరువాత ఫోన్ చేసి, "అయినా పోతాను మామా. ఇక్కడ తయారైన భాగాలను కొలవడమే నా పని. అక్కడైతే యంత్రాన్ని సెట్ చేయడం నేర్పిస్తారు" అన్నాడు. ఆ జవాబు విన్నాక నా మనసు కుదుటపడింది. కోపంతో వెళ్లేవాడికి కొత్త చోట కూడా ఒక సూపర్‌వైజర్ ఉంటాడు. పని కోసం వెళ్లేవాడికి మాత్రం వెళ్లిన చోట పని దొరుకుతుంది. వెళ్లాలా అన్నది అలా తేలింది.

ఇక మిగిలింది ఎప్పుడు అన్నది. చేరిన తేదీ చూడమన్నాను. నియామక పత్రం తీసి చూస్తే, నాలుగేళ్ల పది నెలలు. శ్రోతలు ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినాలని మనవి. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం నుంచీ ఉన్న పద్ధతి ప్రకారం, పర్మనెంట్ ఉద్యోగి ఐదేళ్లు విడవకుండా పనిచేసి మానుకుంటే, సంస్థ అతనికి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు ఒకేసారి ఇచ్చే సొమ్ము, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి. నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కిస్తారు. మూలవేతనం, కరువు భత్యం కలిపి 18,200 రూపాయలు ఉన్నవారికి రోజుకు 700, పదిహేను రోజులకు 10,500, ఐదేళ్లకు 52,500 రూపాయలు. నిర్ణీత కాలపు ఒప్పందం మీద చేరినవారి లెక్క వేరు.

ఆదివారం నాటి కోపంతో సోమవారం రాజీనామా ఇచ్చి ఉంటే, నెల రోజుల నోటీసు పూర్తయ్యేసరికి నాలుగేళ్ల పదకొండు నెలలకు అతని సర్వీసు ముగిసేది. ఒక్క నెల తక్కువ. అతను కొత్త సంస్థవారికి ఉన్నదున్నట్టు చెప్పి, చేరడానికి రెండు నెలలకు పైగా గడువు అడిగాడు. వారు ఒప్పుకొని, చేరవలసిన తేదీతో సహా పత్రం ఇచ్చారు. ఆ పత్రం చేతికి వచ్చిన తరువాతే ఇక్కడ రాజీనామా ఇచ్చాడు. గడువు అడిగితే అవకాశం జారిపోతుందని మన పిల్లలు భయపడతారు, కానీ మర్యాదగా కారణం చెప్పి అడిగిన మనిషిని వద్దనుకునే సంస్థలు తక్కువేనని నా నమ్మకం.

భవిష్య నిధి, అంటే పీఎఫ్, సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యోగం మారగానే ఆ డబ్బు తీసేసుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. దాన్ని కొత్త సంస్థలోని ఖాతాకు బదిలీ చేయించుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది. పింఛనుకు కావలసిన పదేళ్లకు ఆ కాలం లెక్కకు వస్తుంది. మా వాడు కొత్త చోట చేరిన వారంలోనే ఆ దరఖాస్తు పెట్టాడు. మీ ఇంట్లో ఎవరైనా రాజీనామా గురించి మాట్లాడుతుంటే, ఈ రాత్రికే నియామక పత్రం బయటికి తీసి, చేరిన తేదీ చూడమని చెప్పండి.